తినుడు ఆపిండా, తిననీకి ఆగిండా? ఇంగ్లీషులో ‘టు’ ఎక్కడ, ‘ఇంగ్’ ఎక్కడ



ఈ సంచికలో నేను ఇంగ్లీషు గ్రామర్ గురించి రాస్తున్నాను. గ్రామర్ అనంగనే పక్కనున్న పొడుపు కథల కాగితం దిక్కు జరగకండి. ఇది మనందరికీ రోజూ పనికొచ్చే ముచ్చట. చిన్న చెల్లెళ్ళు కూడా చదవాలని ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాలలోనే రాసిన. పెద్ద తరగతి అక్కలు నోట్‌బుక్కులో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోండి.

ముందు నాకు జరిగిన సంగతి చెప్తాను.

పోయిన సంవత్సరం మా తరగతిని చూడనీకి ఒక పెద్ద సారు వచ్చిన్రు. ఒక్కొక్కరిని లేపి ఇంగ్లీషులో ప్రశ్నలు అడిగిన్రు. నా వంతు వచ్చింది. "వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అని అడిగిన్రు. మా నాయిన ఒకప్పుడు బోధన్ దిక్కు చెరుకు కొట్టేటోడు. ఫ్యాక్టరీ మూతపడ్డంక ఆ పని మానేసిండు. ఇప్పుడు రైస్ మిల్లులో హమాలీ పని చేస్తడు. మానేసిండు అని చెప్దామని నేను "మై ఫాదర్ స్టాప్డ్ టు కట్ కేన్" అన్న. సారు "వేర్ డిడ్ హీ స్టాప్?" అన్నరు. ఎక్కడ ఆగిండు అని ఎందుకు అడుగుతున్నరో నాకు సమజ్ కాలేదు. "బోధన్ సార్" అన్న. సారు "గుడ్, కేన్ కట్టర్" అని కాగితం మీద రాసుకొని కూర్చోమన్నరు.

ఎవ్వరూ నవ్వలేదు. ఎందుకంటే తప్పు జరిగిందని ఎవ్వరికీ తెలవదు. నాకు కూడా తెలవదు. నెల తర్వాత గ్రామర్ పాఠంలో ఈ సంగతి వచ్చినప్పుడు నా గుండె ఝల్లుమన్నది. నేను చెప్పిన మాటకు అర్థం "మా నాయిన చెరుకు కొట్టనీకి ఆగిండు" అని అంట! ఆయన మానేసిన కొడవలిని నేనే మళ్ళ ఆయన చేతిల పెట్టిన. అందుకే ఈ వ్యాసం రాస్తున్న.

రెండు వేషాలు

ఇంగ్లీషులో ఒక క్రియ వెంబడి ఇంకో క్రియ వస్తే, ఎక్కువసార్లు ఆ రెండో క్రియ రెండు వేషాలలో ఒకటి వేసుకొని వస్తుంది. మొదటి వేషం, ముందు ‘టు’ పెట్టుకునుడు: టు ఈట్, టు గో, టు కట్. దీనిని ఇన్ఫినిటివ్ అంటారు. రెండో వేషం, వెనక ‘ఇంగ్’ తగిలించుకునుడు: ఈటింగ్, గోయింగ్, కటింగ్. పని పేరులాగా వాడితే దీనిని జెరండ్ అంటారు. రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకంలో ఈ రెండింటికి వేరు వేరు పాఠాలు ఉన్నాయి.

పేర్లు చూసి భయపడవద్దు. ఈ రెండూ మన నోట్లో ముందునుంచే ఉన్నాయి.

మనం "తినుడు, పోవుడు, కొట్టుడు" అంటాం. పుస్తకంలో అయితే తినడం, పోవడం, కొట్టడం అని రాస్తాం. ఇది పనికి పెట్టిన పేరు. జెరండ్ దాదాపు ఇదే.

మనం "తిననీకి, పోనీకి, కొట్టనీకి" అని కూడా అంటాం. పుస్తకంలో అయితే తినడానికి, పోవడానికి, కొట్టడానికి. తెలుగు వ్యాకరణంలో తుమున్నర్థకం అని చదువుకున్నాం గదా, అదే. ఇన్ఫినిటివ్ దాదాపు ఇదే.

ఇప్పుడు చూడండి.

హీ స్టాప్డ్ ఈటింగ్: తినుడు ఆపిండు.
హీ స్టాప్డ్ టు ఈట్: తిననీకి ఆగిండు.

మొదటి ఆయన పళ్ళెం పక్కకు పెట్టిండు. రెండో ఆయన ఇప్పుడే పళ్ళెం ముందు కూర్చున్నడు. ఎంత తేడానో చూడండి! నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సు డ్రైవర్ "స్టాప్డ్ టు డ్రింక్ టీ" అంటే బస్సు దారిలో ఆగింది. "స్టాప్డ్ డ్రింకింగ్ టీ" అంటే ఆయన టీ అలవాటు మానుకున్నడు, బస్సు ఆగలేదు.

మనలో చాలామంది ఇంట్లో తెలుగు కాక వేరే భాష మాట్లాడతారు. తినుడుకు, తిననీకికి మీ ఇంటి భాషలో ఏమంటారో ఈసారి సెలవులకు పోయినప్పుడు అవ్వను అడగండి. రెండు మాటలు దొరికితే వాటి పక్కన ఇంగ్లీషు మాటలు రాసుకోండి. ఇంకా తొందరగా మనసుకు ఎక్కుతుంది.

‘టు’ అంటే దిక్కు

ఈ ‘టు’ ఎక్కడి నుంచి వచ్చింది? "ఐ వెంట్ టు బోధన్" అంటే బోధన్‌కి పోయిన. పాతకాలం ఇంగ్లీషులో క్రియ ముందు పెట్టిన ‘టు’ కూడా ఇదే ‘టు’. దిక్కును చూపించే మాట. మన తెలుగులో కూడా చూడండి: బోధన్‌కి, చదవడానికి. రెండింటి చివర ‘కి’ ఉంది. మనం ఊరికి పోయినట్టే పనికి కూడా పోతాం. ఇది తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమయింది.

కాబట్టి ‘టు’ వచ్చిందంటే ఎక్కువసార్లు ఆ పని ఇంకా ముందు ఉన్నది, మనం దాని దిక్కు చూస్తున్నాం. ‘ఇంగ్’ పాతకాలం నుంచీ క్రియను పేరుగా మార్చే తోక. అది వచ్చిందంటే ఎక్కువసార్లు ఆ పని చేతిలో నడుస్తున్నది, లేదా అయిపోయింది.

మన దిక్కు సంగతే ఉదాహరణగా తీసుకుందాం. మంజీర నది మీద నిజాంసాగర్ కట్టుడు 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన్రు. మొదలుపెట్టక ముందు ఇట్లా చెప్పాలి: "దే డిసైడెడ్ టు బిల్డ్ ఎ డ్యామ్." అప్పటికి కట్ట లేదు, కట్టాలనే ఆలోచన ఉన్నది. 1931లో ఇట్లా చెప్పాలి: "దే ఫినిష్డ్ బిల్డింగ్ ది డ్యామ్." కట్టుడు అయిపోయింది. డిసైడ్ ముందుకు చూస్తుంది, అందుకే టు. ఫినిష్ వెనక్కి చూస్తుంది, అందుకే ఇంగ్.

‘టు’ కోరుకునే క్రియలు

వాంట్, హోప్, విష్, డిసైడ్, ప్లాన్, ప్రామిస్, అగ్రీ, రెఫ్యూజ్, ఆఫర్, ఎక్స్‌పెక్ట్, లెర్న్, మేనేజ్.

మై మదర్ ప్రామిస్డ్ టు కమ్ ఆన్ సండే: ఆదివారం వస్తానని అమ్మ మాట ఇచ్చింది.
మై ఫాదర్ హోప్స్ టు సెండ్ మీ టు కాలేజ్: నన్ను కాలేజీకి పంపాలని నాయిన ఆశ.
ఐ లెర్న్డ్ టు రైడ్ ఎ సైకిల్: నేను సైకిల్ తొక్కుడు నేర్చుకున్న.

‘ఇంగ్’ కోరుకునే క్రియలు

ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, మైండ్, కీప్, ప్రాక్టీస్, అడ్మిట్, డినై, సజెస్ట్, మిస్, గివ్ అప్.

షీ అడ్మిటెడ్ బ్రేకింగ్ ది మగ్: మగ్గు పగలగొట్టినట్టు ఒప్పుకున్నది.
షీ డినైడ్ టేకింగ్ మై సోప్: నా సబ్బు తీసుకోలేదని అన్నది.
డోంట్ కీప్ టాకింగ్ ఇన్ స్టడీ అవర్: స్టడీ అవర్లో మాట్లాడుతనే ఉండకు.
వుయ్ మిస్ సీయింగ్ అవర్ మదర్స్: అమ్మలను చూసుడు లేక మనకు బెంగ.

ముందు పని టు, వెనక పని ఇంగ్ అని నేను చెప్పిన. కానీ ఇది అన్నిచోట్ల కుదరదు. నిజం చెప్పాలి గదా. "సజెస్ట్" అంటే ఇట్లా చేద్దాం అని సలహా ఇచ్చుడు. అది ముందు జరిగే పని. అయినా ఇంగ్ కావాలి: "షీ సజెస్టెడ్ గోయింగ్ బై బస్." "అవాయిడ్" కూడా అంతే. "మేనేజ్" అంటే కష్టపడి ఎట్లనో చేసిన అని. పని అయిపోయింది, అయినా టు కావాలి: "ఐ మేనేజ్డ్ టు పాస్ ఇన్ మ్యాథ్స్." ఇట్లాంటివి బట్టీ పట్టాలి. నేను ఒక చిన్న అట్ట మీద రాసి నా పెట్టె మూత లోపల అంటించుకున్న. పొద్దున బ్రష్ తీసినప్పుడు ఒకసారి, రాత్రి దుప్పటి తీసినప్పుడు ఒకసారి చూస్తా. మీరు కూడా చేయండి.

ఏది పెట్టినా నడిచేవి

బిగిన్, స్టార్ట్, కంటిన్యూ. వీటి వెనక ఏది పెట్టినా అర్థం మారదు. "ఇట్ స్టార్టెడ్ టు రెయిన్", "ఇట్ స్టార్టెడ్ రెయినింగ్" రెండూ వాన మొదలయ్యిందనే. లైక్, లవ్, హేట్ కూడా దాదాపు ఇంతే. కానీ "వుడ్ లైక్" అంటే మాత్రం టు ఒక్కటే. లీవ్ లెటర్లో "ఐ వుడ్ లైక్ టు గో హోమ్" అని రాయాలి. "ఐ వుడ్ లైక్ గోయింగ్ హోమ్" అని రాయకండి.

గోలీ చీటీ

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన చోటు. ఫర్గెట్, రిమెంబర్ అనే క్రియల వెనక రెండూ వస్తాయి, కానీ అర్థం తలకిందులు అవుతుంది.

వానాకాలంలో మా రూములో ఒక అమ్మాయికి జ్వరం వచ్చింది. గోలీలు ఇచ్చిన్రు. ఒక రాత్రి ఆమె గోలీ వేసుకోకుండనే నిద్రపోయింది. తెల్లారి సిస్టర్‌కు చీటీ రాయాలి. ఇంగ్లీషులో రాస్తే బాగుంటదని నేను ముందుకు పోయి రాసిన: "షీ ఫర్గాట్ టేకింగ్ ది నైట్ టాబ్లెట్." సిస్టర్ చదివి నన్ను పిలిచి, "గోలీ వేసుకుందా, వేసుకోలేదా? సరిగ్గ చెప్పు" అన్నది. "వేసుకోలేదు సిస్టర్" అన్న. "మరి వేసుకున్న సంగతి ఆమెకు యాదిలేదని రాసినవ్ కదా" అన్నది.

సిస్టర్ అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకపోతే గోలీ వేసుకోని పిల్ల వేసుకున్నట్టు లెక్కలోకి పోయేది. రెండు అక్షరాల తేడాతో మందు తేడా అవుతుంది.

నేను ఎందుకు తప్పు రాసిన? తెలుగులో "గోలీ వేసుకునుడు మర్చిపోయింది" అంటాం. ‘ఉడు’ వచ్చింది కదా అని ఇంగ్ పెట్టిన. స్టాప్ కాడ పని చేసిన ఉపాయం ఫర్గెట్ కాడ పని చేయలేదు. కాబట్టి ఇక్కడ తెలుగు తోకను చూడవద్దు. ఒక్క ప్రశ్న వేసుకోండి: పని జరిగిందా, జరగలేదా?

జరగకపోతే టు. షీ ఫర్గాట్ టు టేక్ ది టాబ్లెట్: వేసుకోవాల్సింది వేసుకోలేదు.
జరిగితే ఇంగ్. షీ ఫర్గాట్ టేకింగ్ ది టాబ్లెట్: వేసుకున్నది, వేసుకున్న సంగతి మర్చిపోయింది.

రిమెంబర్ కూడా ఇదే లెక్క. "రిమెంబర్ టు లాక్ యువర్ బాక్స్" అంటే పెట్టెకు తాళం వేయి, మరువకు. పని ముందు ఉన్నది. "ఐ రిమెంబర్ లాకింగ్ మై బాక్స్" అంటే తాళం వేసింది నాకు యాదికున్నది. పని అయిపోయింది. ఏదన్నా వస్తువు పోయి వార్డెన్ మేడం అడిగినప్పుడు ఈ రెండోది పనికొస్తుంది.

ట్రై కూడా ఇట్లాంటిదే. "ఐ ట్రైడ్ టు ఓపెన్ ది లాక్" అంటే తాళం తీయాలని కష్టపడ్డ. "ఐ ట్రైడ్ పుటింగ్ ఆయిల్ ఇన్ ది లాక్" అంటే నూనె పోసి చూసిన, దానితోనన్నా వస్తదేమోనని. నూనె పోసుడు కష్టం కాదు, పోసిన. తాళం తీసుడే కష్టం.

ఇంకో మూడు ముచ్చట్లు

ఒకటి. ఇన్, ఎట్, ఫర్, వితౌట్, ఆఫ్టర్, బిఫోర్ లాంటి చిన్న మాటల వెనక క్రియ వస్తే ఎప్పుడూ ఇంగ్ వేషమే. "షీ ఈజ్ గుడ్ ఎట్ రన్నింగ్." "థాంక్యూ ఫర్ హెల్పింగ్ మీ." "డోంట్ గో వితౌట్ టెల్లింగ్ మేడం."

రెండు. "యూస్డ్ టు" తోటి జాగ్రత్త. "ఐ యూస్డ్ టు గెటప్ ఎట్ ఫైవ్" అంటే ఒకప్పుడు అయిదింటికి లేచేదాన్ని, ఇప్పుడు లేస్తలేను. "ఐ యామ్ యూస్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫైవ్" అంటే అయిదింటికి లేచుడు నాకు అలవాటైపోయింది. మన హాస్టల్ పిల్లలం చెప్పాల్సింది రెండోదే! ఇక్కడి ‘టు’ ఊరి ముందు పెట్టే ‘టు’ లాంటిది, అందుకే దాని వెనక పని పేరు వచ్చింది. "లుక్ ఫార్వర్డ్ టు" కూడా ఇంతే: "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు సీయింగ్ యూ." అమ్మా నాయినలకు ఉత్తరం రాస్తే చివర ఇది రాయవచ్చు.

మూడు. లెట్, మేక్ అనే క్రియల తర్వాత మనిషిని చెప్పి పని చెప్తే ఏ వేషం ఉండదు. టు లేదు, ఇంగ్ లేదు. "లెట్ మీ గో." "ది ఆనియన్ మేడ్ హర్ క్రై." మెస్సులో ఉల్లిగడ్డలు కోసే రోజు ఇది యాది చేసుకోండి.

చిన్న పరీక్ష

బ్రాకెట్లో ఉన్న క్రియకు సరైన వేషం వేయండి.

1. ఐ వాంట్ (సింగ్) ఇన్ ది ప్రేయర్.
2. షీ ఫినిష్డ్ (వాష్) హర్ క్లోత్స్.
3. ప్లీజ్ రిమెంబర్ (టర్న్ ఆఫ్) ది ట్యాప్.
4. వుయ్ ఎంజాయ్ (ప్లే) ఖో ఖో.
5. షీ లెఫ్ట్ వితౌట్ (ఈట్).
6. లెట్ హర్ (స్లీప్).

జవాబులు కింద మడిచిన కాగితంలో ఉన్నాయి. ముందే విప్పవద్దు, రాసినాక చూడండి.

మడిచిన కాగితం: 1. టు సింగ్. 2. వాషింగ్. 3. టు టర్న్ ఆఫ్. 4. ప్లేయింగ్. 5. ఈటింగ్. 6. స్లీప్.

ఆరింటికి ఆరు వచ్చిన చెల్లెళ్ళు ఇంకా ఆరు వాక్యాలు సొంతంగా రాసి నాకు ఇవ్వండి, వచ్చే సంచికలో పెడదాం. తక్కువ వచ్చినోళ్ళు బాధపడకండి. మొదటిసారి నాకు రెండే వచ్చినయి.

చివరి మాట

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీని 1937లో పెట్టిన్రు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబర్‌లో మూతపడింది. దాని గురించి రాయాలంటే "ది ఫ్యాక్టరీ స్టాప్డ్ క్రషింగ్ కేన్ ఇన్ 2015" అని రాయాలి. "స్టాప్డ్ టు క్రష్" అని రాస్తే చెరుకు ఆడనీకి ఆగింది అని అర్థం వచ్చి, మూతపడ్డ ఫ్యాక్టరీ నడిచినట్టు అయితది. దాన్ని మళ్ళ తెరిపించే సంగతి చూడనీకి ప్రభుత్వం 2024లో కమిటీ వేసింది. మా దిక్కు పెద్దోళ్ళ ఆశ ఇంగ్లీషులో చెప్పాలంటే "దే హోప్ టు సీ ఇట్ ఓపెన్ అగెయిన్." ఆశ ఎప్పుడూ ముందుకే చూస్తది, అందుకే టు.

దసరా సెలవులకు పోయినప్పుడు ఆ పెద్ద సారు సంగతి నాయినకు చెప్పిన. కోపం చేస్తడేమో అనుకున్న. నవ్విండు. "నేను చేసే పని నీ నోటినుంచి సరిగ్గ రావాలె బిడ్డా. ఆ సారు మళ్ళ వస్తే చెప్పు" అన్నడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, చదువు రాదు. అయినా ముఖ్యమైన మాట ఆయనే చెప్పిండు.

ఆ సారు ఎప్పుడు వస్తరో తెలియదు. వస్తే చెప్పనీకి నా మాట తయారుగా ఉన్నది: "సార్, మై ఫాదర్ స్టాప్డ్ కటింగ్ కేన్. నౌ హీ వర్క్స్ ఇన్ ఎ రైస్ మిల్."

నేను రాసినదాంట్లో తప్పులుంటే టీచర్లు, అక్కలు ఎర్ర పెన్నుతో దిద్దండి. దిద్దిన చోట మళ్ళ నేర్చుకుంటాను.

ఇట్లు,
మీ తొమ్మిదవ తరగతి చెల్లెలు